ఫ్రక్టోజ్ పడని బిడ్డను పెంచడం: లడ్డూ కన్నా మందు సీసాతోనే ఎక్కువ జాగ్రత్త

పదకొండు నెలల పాపకు హెచ్‌ఎఫ్‌ఐ, అంటే పండ్లలో, తేనెలో, చక్కెరలో ఉండే ఫ్రక్టోజ్ అనే తీపి పుట్టుకతోనే పడని జబ్బు ఉందని పోయిన నెల జీన్ రిపోర్టు వచ్చిందని రాశారు. పండ్లు, చక్కెర, బెల్లం, తేనె మానేయమని డాక్టర్ చెప్పారు కానీ ఏం పెట్టాలో అర్థం కావడం లేదన్నారు. అత్తగారు "కొద్దికొద్దిగా పెడితే అదే అలవాటవుతుంది" అంటున్నారన్నారు. రేపు బడికి ఎలా పంపాలి, రెండో బిడ్డకూ వస్తుందా అని అడిగారు. మా బాబుకు ఇప్పుడు పదమూడేళ్లు. వాడి పదో నెలలో మా చేతికీ ఇదే రిపోర్టు వచ్చింది. నేను డాక్టర్‌ను కాదు, పన్నెండేళ్లుగా ఈ జబ్బున్న బిడ్డకు వండిపెడుతున్న తల్లిని. మందుల మోతాదులూ కొలతలూ మీ డాక్టరు, డైటీషియన్ చెప్పాలి. వంటింట్లో, బడిలో, బంధువుల ఇళ్లలో ఎదురయ్యేవి నేను చెప్పగలను.

ముందు అత్తగారి మాట గురించి. ఇది అలవాటయ్యే విషయం కాదమ్మా. మనం తిన్న ఫ్రక్టోజ్‌కు కాలేయం ముందు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఆ తర్వాత ఆల్డొలేజ్ బి అనే ఎంజైమ్ దాన్ని ముక్కలు చేస్తుంది. మన పిల్లల్లో ఆ ఎంజైమ్ పనిచేయదు. ఫ్రక్టోజ్ సగం దారిలో ఇరుక్కుపోయి, తనతోపాటు ఫాస్ఫేట్‌నూ పట్టి ఉంచుతుంది. దాంతో కణాలకు శక్తి చాలదు. కాలేయం దాచుకున్న గ్లూకోజ్‌ను రక్తంలోకి వదలడం కూడా ఆగిపోతుంది. అందుకే తీపి తిన్న కాసేపటికి పిల్లకు షుగర్ పెరగాల్సింది పోయి పడిపోతుంది. వాంతి, చెమటలు, పాలిపోవడం, మగతగా వాలిపోవడం అన్నీ దాని వల్లే. వాంతి కాలేదు కాబట్టి పడినట్టే అనుకోవడానికీ లేదు. రోజూ కొంచెం కొంచెంగా లోపలికి వెళ్తుంటే పైకి ఏమీ కనబడకుండానే కాలేయం ఉబ్బుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి, ఎదుగుదల ఆగుతుంది. ఈ మాట అత్తగారికి మీరు చెప్పకండి. తర్వాతిసారి ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లి డాక్టర్ నోటితోనే చెప్పించండి. మా ఇంట్లో పని చేసింది అదొక్కటే.

మా అత్తగారు నాకు మేనత్త కూడా. మాది మేనరికం. బాబు అన్నప్రాశనకు ఆవిడే ప్రేమగా బెల్లం పరమాన్నం వండి నాలుక మీద పెట్టింది. గంట తిరక్కుండా వాంతులు, ఒళ్లంతా చెమట, మెడ వాలేశాడు. దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తీసి పొయ్యిలో వేశాం. ఆ తర్వాత మూడు నెలలు నేనే, ఈ చేతులతోనే, వాడికి అరటిపండు గుజ్జు, బెల్లం వేసిన రాగి జావ పెట్టాను. నోరు మూసుకుంటే ముక్కు పట్టుకుని పోశాను. పొట్ట ఉబ్బింది, కళ్లు పచ్చబడ్డాయి. ఒక ఆసుపత్రిలో కాలేయానికి ఇన్ఫెక్షన్ అని తియ్యటి టానిక్ రాశారు. అది మొదలుపెట్టాక ఇంకా నీరసించాడు. ఇంకో చోట చేర్చి డెక్స్‌ట్రోజ్ (అంటే గ్లూకోజే) సెలైన్, తల్లిపాలు తప్ప ఏమీ ఇవ్వకపోతే నాలుగు రోజుల్లో తేరుకున్నాడు. ఇంటికి తెచ్చి జావ పట్టగానే మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడు ఒక పెద్ద వయసు పిల్లల డాక్టర్ "వాంతి అయిన ప్రతిసారీ అంతకు ముందు ఏం పెట్టారో రాసుకురండి" అన్నారు. రెండు పేజీల కాగితం చూసి ఆయనకు పది నిమిషాల్లో అర్థమైపోయింది. మూత్ర పరీక్షలో గ్లూకోజ్ కాని చక్కెర కనిపించింది, తర్వాత జీన్ పరీక్షలో ఖాయమైంది. తీపి మానిపించిన నాలుగో రోజు నుంచి వాడే అన్నం కోసం నోరు తెరిచాడు. మీరూ పాప పేరిట ఒక నోటుపుస్తకం పెట్టండి. తిన్నది, టైము, తర్వాత ఎలా ఉందో, రోజూ.

లడ్డూ, జిలేబీ, మామిడిపండు అయితే చూడగానే అందరికీ తెలుస్తుంది. నెల తిరిగేసరికి మీ పక్కింటివాళ్లు కూడా పాపకు అవి పెట్టరు. మీకు పని పెట్టేది కంటికి కనబడని తీపి.

అందులో మొదటిది మందులు. మామూలు చక్కెరలో (లేబుల్ మీద సుక్రోజ్ అని ఉంటుంది) సగం ఫ్రక్టోజే. మనవాళ్లకు తెలియని ఇంకో పేరు సార్బిటాల్. అది ఒంట్లోకి వెళ్లాక ఫ్రక్టోజ్‌గా మారుతుంది. పిల్లల జ్వరం సిరప్, దగ్గు మందు, యాంటీబయాటిక్ పొడి సిరప్, ఐరన్, జింక్, విటమిన్ చుక్కలు, గ్రైప్ వాటర్, దాదాపు అన్నిట్లో ఈ రెండింటిలో ఏదో ఒకటి ఉంటుంది. సీసా మీద "షుగర్ ఫ్రీ" అని ఉంటే ఇంకా జాగ్రత్త, చక్కెర తీసేసి చాలాసార్లు సార్బిటాలే పోస్తారు. షుగర్ ఉన్నవాళ్లకని అమ్మే బిస్కెట్లు, చాక్లెట్లలో వాడే మాల్టిటాల్, ఐసోమాల్ట్ కూడా లోపల సార్బిటాల్‌ను వదులుతాయి. ప్యాకెట్ల మీద పేరు బదులు అంకె ఉంటుంది: ఐఎన్‌ఎస్ 420 అంటే సార్బిటాల్, 953 ఐసోమాల్ట్, 965 మాల్టిటాల్. ఈ మూడూ ఫోన్‌లో రాసి పెట్టుకోండి. డెక్స్‌ట్రోజ్, గ్లూకోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్, లాక్టోజ్ అని ఉంటే భయం లేదు. "ఫ్రక్టోజ్", "ఇన్వర్ట్ సిరప్", "హై ఫ్రక్టోజ్ కార్న్ సిరప్", "హనీ", "ఫ్రూట్ జ్యూస్ కాన్సన్ట్రేట్" అంటే వద్దు.

లెక్క కావాలంటే చెబుతాను. చాలామంది నిపుణులు చెప్పే హద్దు రోజుకు కిలో బరువుకు 40 మిల్లీగ్రాముల ఫ్రక్టోజ్. ఇంకా తక్కువ చెప్పేవాళ్లూ ఉన్నారు. ఎనిమిది కిలోల పాపకు అది 320 మిల్లీగ్రాములు. ఒక చెంచా చక్కెర 5 గ్రాములనుకుంటే అందులో 2,500 మిల్లీగ్రాముల ఫ్రక్టోజ్ ఉంటుంది. వారం రోజులకు పైబడిన కోటా ఒక్క చెంచాలో అయిపోతుంది. పూటకో చెంచా చొప్పున మూడు పూటలా సిరప్ పోస్తే ఏమవుతుందో మీరే ఊహించండి.

మరి జ్వరం వస్తే? మా డాక్టర్ మామూలు పారాసెటమాల్ మాత్రను బరువును బట్టి ఎంత ముక్క చేయాలో రాసిచ్చారు, పొడి చేసి నీళ్లలో కలిపేదాన్ని. వాంతులున్నప్పుడు మలద్వారంలో పెట్టే జ్వరం మందు వాడాం. చిన్నప్పుడు వాడికి మందు పట్టడం కష్టంగానే ఉండేది, అయినా దారి దొరుకుతుంది. ముఖ్యంగా ఒకే మందుల షాపును పట్టుకోండి. మా కాలనీ షాపతను ఇప్పుడు నేను అడగకముందే అట్టపెట్టెలోంచి కాగితం తీసి చూపిస్తాడు. బ్రాండు మారితే మందు అదే అయినా కలిపిన తీపి మారిపోతుంది, అందుకే ప్రతిసారీ చదవాలి.

విరేచనాలప్పుడు ఓఆర్‌ఎస్ గురించి విడిగా చెప్పాలి. డబ్ల్యూహెచ్‌ఓ సూత్రం ప్రకారం చేసిన పొడిలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్, దాంతో లవణాలు, అంతే. అది మన పిల్లలకు మంచిదే. కానీ రుచి కలిపిన పొడుల్లో, డబ్బాల్లో ఏముందో చదవాల్సిందే. ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకుని పండ్లరసంలా అమ్మిన తియ్యటి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. ఆ వార్త చదివిన రోజు నేను ఏడ్చాను. మామూలు పిల్లలకే అవి మంచివి కావు, మన పిల్లలకైతే ప్రాణం మీదికి వస్తుంది. ఇంకో మాట, విరేచనాలు తగ్గకపోతే లాక్టోజ్ లేని పాలపొడికి మార్చమంటారు. కొన్నిట్లో లాక్టోజ్ బదులు చక్కెర వేస్తారు. డబ్బా వెనక చూడందే కలపకండి. కొబ్బరి నీళ్లు చలువ అంటారు, చెరుకు రసం బలం అంటారు. రెండూ వద్దు.

టీకాల్లో రోటావైరస్ చుక్కలు నోట్లో వేస్తారు, వాటిలో చక్కెర ఉంటుంది. అవి 6, 10, 14 వారాలకు వేస్తారు. మీ పాపకు ఆ వయసు దాటిపోయింది కానీ రెండో బిడ్డకు గుర్తుపెట్టుకోవాలి. కొన్ని ఇంజెక్షన్ టీకాల్లోనూ కొద్దిగా సార్బిటాల్ ఉంటుంది. మీ అంతట మీరు ఏ టీకానూ మానేయకండి. జెనెటిక్స్ డాక్టర్‌ను అడిగి ఏది వేయాలో రాయించుకోండి.

ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే చేతిలో ఒక కాగితం ఉండాలి. "ఈ బిడ్డకు ఫ్రక్టోజ్, సుక్రోజ్, సార్బిటాల్, ఇన్వర్ట్ షుగర్ నోటి ద్వారా గానీ నరం ద్వారా గానీ ఇవ్వకూడదు. డెక్స్‌ట్రోజ్ ఇవ్వవచ్చు" అని మీ డాక్టర్ లెటర్‌హెడ్ మీద సంతకంతో ఉండాలి. నోటితో వెళ్లినదాన్ని వాంతి కొంత బయటికి తోసేస్తుంది, నరంలోకి ఎక్కినదాన్ని ఆపేది ఏదీ లేదు. ఒకప్పుడు యూరప్‌లో ఫ్రక్టోజ్, సార్బిటాల్ సెలైన్లు ఎక్కించి, ఈ జబ్బుందని తెలియక రోగులను పోగొట్టుకున్నారు. మా కాగితం ఒకటి నా పర్సులో, ఒకటి మా ఆయన బండి డిక్కీలో, ఒకటి బడి ఆఫీసులో ఉంటుంది.

పరీక్షల గురించి కూడా. "ఫ్రక్టోజ్ పడదు" అనగానే కొందరు ఫ్రక్టోజ్ తాగించి ఊపిరిలో హైడ్రోజన్ కొలిచే పరీక్ష రాస్తారు. అది పేగుల్లో ఫ్రక్టోజ్ సరిగా ఇంకని మామూలు సమస్య కోసం. దానికీ దీనికీ పేరులోనే పోలిక. మన పిల్లలకు ఆ పరీక్ష ప్రమాదం. జీన్ రిపోర్టు ఉంది కాబట్టి ఇంకే "తినిపించి చూసే" పరీక్షకూ ఒప్పుకోకండి.

ఇక వంటిల్లు. మీ భయం నాకు తెలుసు, కానీ ఇక్కడ మీరు అనుకున్నంత చీకటి లేదు. తల్లిపాలు హాయిగా ఇవ్వండి, వాటిలో ఉండేది లాక్టోజ్. తెల్లన్నం, గంజి, నెయ్యి, పాలు, చక్కెర కలిపి అమ్మే పెరుగు కాకుండా ఇంట్లో తోడుపెట్టిన పెరుగు, గుడ్డు, చేప, కోడి, మాంసం, సగ్గుబియ్యం అన్నీ మనవే. జబ్బు తెలిశాక మా బాబుకు మొదటి ఏడాది ఆధారం ఉప్పూ నెయ్యీ వేసిన బియ్యపు ఉగ్గు. పప్పుల్లో కొంత చక్కెర సహజంగానే ఉంటుంది. మా డైటీషియన్ పెసరపప్పు కొలిచి ఇచ్చారు, నానబెట్టిన నీళ్లు పారబోసి, ఉడికాక పైనీళ్లు వంచేయమన్నారు. బంగాళాదుంప చెక్కు తీసి ముక్కలు నానబెట్టి వండితే వాడికి పడింది, పాలకూర కూడా. చిలగడదుంప, క్యారెట్, బీట్‌రూట్, బఠాణీ, స్వీట్ కార్న్ పక్కన పెట్టాం.

మన వంటకు అసలు కష్టం మూడు: ఉల్లిపాయ, టమాటా, చింతపండు. అవి లేకుండా తెలుగింట కూర ఉండదు. మొదట్లో నేను రెండు పొయ్యిల మీద రెండు వంటలు చేసి అలసిపోయాను. తర్వాత పద్ధతి మార్చాను. కూరను జీలకర్ర, మిరియాలు, అల్లం, పసుపుతో వండి వాడి వాటా తీసేస్తాను. మిగిలినదాంట్లో విడిగా వేయించిన ఉల్లి, టమాటా కలిపి మాకు ఉడికిస్తాను. పులుపు కోసం చింతపండు బదులు పుల్లటి మజ్జిగ. బెల్లం, కొబ్బరి లేని మజ్జిగ పులుసు వాడికి ప్రాణం. చింతపండు పుల్లగా ఉంటుంది కాబట్టి తీపి లేదనుకుంటాం, నిజానికి ఆ గుజ్జులో చక్కెర చాలా ఉంటుంది. చారు, సాంబారు, పులిహోర అన్నీ అందులోకే వస్తాయి. పైగా పులిహోరలో, సాంబారులో బెల్లం ముక్క వేసే ఇళ్లు ఎన్నో. హోటల్ దోసె ఎర్రగా కాలడానికి పిండిలో చక్కెర కలుపుతారు, ఉప్పు బిస్కెట్‌లోనూ చక్కెర ఉంటుంది, బ్రెడ్‌లోనూ అంతే. బయట తిండి మేం దాదాపు మానేశాం. ప్రయాణానికి పెరుగన్నం, ఉడికించిన గుడ్లు, బియ్యప్పిండి జంతికలు.

పండ్లు లేవు కాబట్టి విటమిన్ సి విడిగా ఇవ్వాల్సి వస్తుంది. చప్పరించే నారింజ రంగు మాత్రల్లో తీపి ఉంటుంది. తీపి కలపనిది కావాలని డాక్టర్‌ను అడగండి. ఫోలిక్ యాసిడ్ సంగతి కూడా అడగండి. టూత్‌పేస్టుల్లో చాలావాటికి ఆధారం సార్బిటాలే. మింగే వయసులో ఉత్త బ్రష్‌తో తోమండి. ఒక్క మంచి సంగతి, ఈ పిల్లలకు పళ్లు పుచ్చడం చాలా అరుదు. మా వాడికి ఇంతవరకు ఒక్క పన్నూ పుచ్చలేదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే మాట. మీ పాప ఏదైనా వద్దని నోరు తిప్పుకుంటే నమ్మండి. ఈ జబ్బున్న పిల్లలు తీపిని తమంతట తామే అసహ్యించుకుంటారు. లోకం దీన్ని మొండితనం అంటుంది. నేనూ అలాగే అనుకుని ముక్కు పట్టుకుని పోశానని చెప్పాను కదా, ఆ మూడు నెలలు నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వవు. ఈ జబ్బు గురించి మొదటిసారి వైద్య పత్రికలో రాసింది 1956లో, ఇంగ్లండులో. ఆ రోగి పసిబిడ్డ కాదు, 24 ఏళ్ల యువతి. పండు గానీ చక్కెర గానీ తింటే తనకు బాగుండదని ఆమే చెప్పింది. ఎంజైమ్ పేరు ఎవరికీ తెలియని రోజుల్లో ఆమెకు తన ఒంటి సంగతి తెలుసు. మా బాబు నాలుగేళ్లప్పుడు పెళ్లిలో ఎవరో ప్రేమగా నోట్లో పెట్టిన కాజాను ఉమ్మేశాడు. అంతమందిలో "పిల్లాడికి పద్ధతి నేర్పలేదు" అన్నారు. నేను వాడిని ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నాను.

ఈ కారణంగానే గ్లూకోజ్‌తో చేసిన తీపి కూడా బలవంతపెట్టకండి. మొదటి పుట్టినరోజుకు డెక్స్‌ట్రోజ్ వేసి కేకు చేశాను, తీపి తగలగానే బెదిరిపోయాడు. అప్పటినుంచి ప్రతి ఏటా దిబ్బరొట్టె మీద కొవ్వొత్తి పెడుతున్నాం. స్నేహితులు ఇప్పుడు దాని కోసమే వస్తారు. ఉగాదికి పచ్చడి బదులు వేపపువ్వు నేతిలో వేయించి అన్నంలో కలిపి మా అత్తగారే తినిపిస్తారు. పరమాన్నం పెట్టిన ఆవిడే ఇప్పుడు గుడిలో ప్రసాదం ఇవ్వబోతే అడ్డం చేయి పెడుతుంది. ఆవిడకు కావాల్సింది మనవడికి తన చేత్తో ఏదైనా పెట్టడం. పెట్టగలిగింది ఏమిటో మనం చూపించాలి.

బడి సంగతికి ఇంకా టైముంది, కానీ అంగన్‌వాడీ ఇప్పుడే మొదలవుతుంది. బాలామృతంలో చక్కెర ఉంటుంది, పాపకు పెట్టవద్దని టీచరమ్మకు ముందే చెప్పండి. తర్వాత ప్రభుత్వ బడిలో అయితే వేరుశనగ చిక్కి, బెల్లం రాగి జావ ఉంటాయి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర నమిలిస్తారు, అది కూడా డాక్టర్‌ను అడిగాకే. పుట్టినరోజు చాక్లెట్లు రోజూ ఉండేవే. క్లాసు టీచర్ దగ్గర ఒక డబ్బా జంతికలు ఉంచితే వాడికీ పంచుకునేది ఏదో ఒకటి ఉంటుంది. మూడేళ్లకే "నాకు తీపి పడదు, అమ్మను అడగండి" అనే మాట నేర్పాం. ఏడేళ్లకు లేబుల్ చదవడం నేర్పాం. తెలియక తిని వాంతులూ మగతా మొదలైతే, మెలకువగా ఉన్నంతసేపు ఉత్త గ్లూకోజ్ నీళ్లు తాగిస్తూ వెంటనే ఆసుపత్రికి వెళ్లమని టీచర్‌కు రాసిచ్చాం. ఆ అవసరం రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ కారణం మిఠాయి కాదు, ఒకసారి దగ్గు మందు, ఒకసారి "షుగర్ ఫ్రీ" బిళ్ల.

రెండో బిడ్డ గురించి: మీ ఇద్దరిలోనూ చెరొక లోపం ఉన్న జీన్ ఉంది కాబట్టి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికంలో ఒకే జీన్ ఇద్దరికీ వచ్చే అవకాశం ఎక్కువే కానీ, బయటి సంబంధంలోనూ ఇది వస్తుంది. "మీ వైపు నుంచి వచ్చింది" అనే మాటకు అర్థం లేదు, రెండు వైపుల నుంచీ వస్తేనే జబ్బు. గర్భం అనుకునే ముందే జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ అనే జన్యు పరిశోధన సంస్థ కలిసి అరుదైన జబ్బుల కేంద్రంగా పనిచేస్తున్నాయి. గర్భంలోనే పరీక్ష చేయించవచ్చు, పుట్టగానే కూడా చేయించవచ్చు. ఫలితం వచ్చేదాకా ఆ బిడ్డకు తల్లిపాలు తప్ప తేనె చుక్క, పంచదార నీళ్లు, గ్రైప్ వాటర్ ఏవీ ముట్టనివ్వకండి. మా రెండోది ఆడపిల్ల, దానికి జబ్బు లేదు. అన్న ముందు ఐస్‌క్రీమ్ తినడానికి అదే మొహమాటపడుతుంటే "తినవే, నాకు దాని వాసనే పడదు" అంటాడు వాడు.

తీపి పూర్తిగా ఆగితే మన పిల్లలు అందరిలాగే ఎదుగుతారు, చదువుకుంటారు. మా వాడు క్లాసులో పొడుగువాళ్లలో ఒకడు. ఆరు నెలలకోసారి బరువు, ఎత్తు, కాలేయం పరీక్షలు చేయిస్తాం, ఏడాదికోసారి స్కానింగ్.

ఇవాళే ఒక పని చేయండి. పాపకు వాడే ప్రతి సీసా, చుక్కల మందు, పొడి డబ్బా, పేస్టు అన్నీ తెచ్చి మంచం మీద పరచి, ఒక్కొక్కటి తిప్పి చదవండి. చక్కెర, సార్బిటాల్ కనబడినవి పక్కన పెట్టి, వాటి బదులు ఏం వాడాలో రేపు డాక్టర్‌కు ఫోన్ చేసి అడగండి. చదివితే అర్థం కాని పేరు ఏదైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు నాకు రాయండి, చూసి చెబుతాను.